ఒకే ప్యాచ్ రెయిడర్లకీ, వారానికి నాలుగు గంటలు ఆడేవాళ్లకీ సరిపోతుందా? (ఆన్‌లైన్ ఆటలు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే వావ్, ఫైనల్ ఫాంటసీ 14 అనే ఎఫ్ఎఫ్ 14 లెక్కలతో)

#1 — కాకినాడ_కాజా

అందరికీ నమస్కారం అండి. ఏ గ్రూపులో చూసినా ఇదే గోల. ఆటకి కొత్త ప్యాచ్ (అప్‌డేట్) రాగానే సగం మంది, జట్టు కట్టి పెద్ద బాస్‌లని కొట్టే రెయిడర్ల పేరు చెప్పి, "అంతా రెయిడర్లకే వండారు" అంటారు, మిగతా సగం "గేర్ (ఆయుధాలు, కవచాలు) ఉచితంగా పంచిపెడుతున్నారు, ఇంక రెయిడ్ దేనికి" అంటారు. తిట్లు చాలా చదివాం. ఇక్కడ లెక్కలు కావాలి.

ఉదాహరణకి 14 మంది గిల్డ్ (కలిసి ఆడే బృందం) అనుకోండి. ఎనిమిది మందికి వారానికి రెండు రాత్రులు కుదురుతుంది. ఆరుగురికి, అంటే క్యాజువల్స్‌కి, మొత్తం మీద నాలుగైదు గంటలే. ఒక ప్యాచ్‌లో ఈ ఇద్దరికీ నిజంగా ఏం దొరుకుతుంది, ఎన్ని వారాలు సరిపోతుంది, ఎక్కడ తేడా కొడుతుంది? వావ్ అయితే ది వార్ వితిన్ ఎక్స్‌పాన్షన్ (ఆటకి వచ్చే పెద్ద కొత్త భాగం) నుంచి చెప్పండి, ఎఫ్ఎఫ్ 14 అయితే డాన్‌ట్రెయిల్ నుంచి. ఇంకే ఆటైనా పర్వాలేదు, కానీ అంకెలతో.

---

#2 — లెక్కలమాస్టారు

వావ్ సంగతి నేను మొదలుపెడతా. ది వార్ వితిన్ 2024 ఆగస్టు 26న వచ్చింది, మొదటి సీజన్ సెప్టెంబరు 10న. ఆ సీజన్ అంకెలే తీసుకుందాం, ఎందుకంటే గొడవంతా వాటిలోనే కనబడుతుంది.

ఆ సీజన్ రెయిడ్ నెరుబార్ ప్యాలెస్‌లో ఎనిమిది మంది బాస్‌లు. తేలిక నుంచి కష్టం దాకా నాలుగు స్థాయిలు, గేర్ బలం అంకె (ఐటెమ్ లెవెల్) మొదలయ్యే చోటు: ఎల్ఎఫ్ఆర్ (క్యూ కట్టి ఎవరైనా వెళ్లేది) 584, నార్మల్ 597, హీరోయిక్ 610, మిథిక్ 623. ఇప్పుడు పక్కన డెల్వ్‌లు (ఒక్కరైనా ఆడగల చిన్న సాహసాలు) పెట్టండి. ఒక్కరు వెళ్లొచ్చు, అయిదుగురి దాకా వెళ్లొచ్చు, తోడుగా ఆట నడిపే బ్రాన్ అనే పాత్ర వస్తాడు. టైర్ 8 (ఎనిమిదో కష్టం స్థాయి) బౌంటిఫుల్ డెల్వ్ (ఆ రోజు అదనపు బహుమతి పెట్టె ఉన్నది) చివర పెట్టె కీ పెట్టి తెరిస్తే 603. అదే టైర్ 8కి గ్రేట్ వాల్ట్‌లో (వారానికోసారి తెరిచే బహుమతి పెట్టె) వచ్చేది 616.

అంటే ఒంటరిగా, పావుగంట ఇరవై నిమిషాల్లో, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఆడేవాడి చేతికి నార్మల్ మొదటి బాస్‌ల కన్నా మంచి ముక్క. వారం తిరిగాక వాల్ట్‌లో హీరోయిక్ మొదటి బాస్ కన్నా మంచి ముక్క.

వాల్ట్ ఎలా నిండుతుందో చాలామంది తప్పుగా అనుకుంటున్నారు కాబట్టి అదీ రాస్తా. రెయిడ్ వరసకి 2, 4, 6 బాస్‌లు. డంజియన్ (అయిదుగురు ఆడేది) వరసకి 1, 4, 8 రన్‌లు. డెల్వ్‌ల వరసకి 2, 4, 8. ఎన్ని గడులు తెరిచినా చివరికి తీసుకునేది ఒక్క వస్తువే. గడి స్థాయి నిర్ణయించేది ఆ గడికి లెక్కలోకొచ్చినవాటిలో అన్నిటికన్నా తక్కువది. ఒక టైర్ 8, ఒక టైర్ 5 ఆడితే మొదటి గడి టైర్ 5 స్థాయిలోనే ఉంటుంది. "టైర్ 8 ఆడానుగా, 616 ఏదీ" అని అడిగేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే. రెండూ టైర్ 8 అయితేనే మొదటి గడిలో 616.

నాలుగైదు గంటలవాళ్లకి నా లెక్క: ముందు కీలు ఉన్నన్ని బౌంటిఫుల్ డెల్వ్‌లు టైర్ 8లో. నాలుగైతే వాల్ట్‌లో రెండు గడులు వస్తాయి. మిగిలిన టైంలో ఒక డంజియన్ రన్, దాంతో డంజియన్ వరసలో ఒక గడి. మూడు గడుల్లోంచి ఏరుకోవచ్చు. ఎనిమిది డెల్వ్‌ల కోసం గంటలు పొయ్యక్కర్లేదు. నాలుగో డెల్వ్ దాటాక ఒక్క గడి కోసం ఇంకో నాలుగు ఆడాలి, గిట్టుబాటు కాదు.

---

#3 — సగంనిద్ర

మాస్టారూ, పై టైర్లలో ప్రాణాలు లెక్కగా ఇస్తాడని కూడా చెప్పండి. అవి అయిపోతే బౌంటిఫుల్ పెట్టె గోవిందా. కీ మాత్రం చేతిలోనే ఉంటుంది, ఎందుకంటే పెట్టె తెరిచినప్పుడే కీ ఖర్చవుతుంది. అందుకని మొదటిసారే టైర్ 8 బౌంటిఫుల్‌లో దూకొద్దు. మామూలు డెల్వ్‌లో ఆ టైర్ ఒకసారి చూసుకుని రండి.

బ్రాన్‌ని హీలర్‌గా పెట్టుకోవడం మర్చిపోయేవాళ్లు కోకొల్లలు. మీరు హీలర్ అయితే అతన్ని డ్యామేజ్‌కి పెట్టండి. 11.1 నుంచి ట్యాంక్‌గానూ నిలబెట్టొచ్చు. అతని లెవెల్ అకౌంట్ మొత్తానికీ ఒకటే, కాబట్టి రెండో క్యారెక్టర్‌కి మళ్లీ మొదట్నుంచి పెంచే పని లేదు.

---

#4 — వరంగల్_వార్‌లాక్

మాస్టారు అంకెలు కరెక్టే పెట్టిండు. కానీ ఆ అంకెల్లనే అసలు దెబ్బ ఉన్నది, అది ఎవరికి తగిలిందో సూడుండ్రి.

మిథిక్ ఆడెటోనికి డెల్వ్‌తోని పనే లేదు, మొదటి రెండు వారాలు తప్ప. డెల్వ్ ఆడెటోనికి రెయిడ్‌తోని పని లేదు. నడుమ ఇరుకున పడ్డది ఎవరంటే నార్మల్ కొట్టి హీరోయిక్‌కు పోదామనుకునే గిల్డ్. నార్మల్ మొదటి బాస్‌లు 597 ఇస్తరు. గిల్డోళ్ల చేతిల డెల్వ్‌తోని వచ్చిన 603లు అప్పటికే ఉంటయి. పది మందిని జమ చేసి, రెండు గంటలు కూసుండి, అయిదు సార్లు సచ్చి, బాస్‌ను కొడితే పడ్డ వస్తువును ఎవ్వడూ ముట్టడు. మూడో వారంల ఇద్దరు రారు, నాలుగో వారంల నలుగురు రారు.

క్యాజువల్‌కూ రెయిడర్‌కూ కొట్లాట అని అందరంటరు. నేనైతే ఒప్పుకోను. ఆ ఇద్దరూ ఒకర్నొకరు కలువనే కలువరు. నలిగేది నడుమోళ్లు. ఏ ప్యాచ్ నోట్స్ వచ్చినా నేను ముందు గదే సూస్త: నార్మల్ రెయిడ్ గేర్ దేనికన్న కింద ఉన్నది, దేనికన్న మీద ఉన్నది.

---

#5 — లెక్కలమాస్టారు

@వరంగల్_వార్‌లాక్ అక్షరాలా నిజం. ఒక్క చిన్న సవరణ. 597 అన్నది ఛాంపియన్ ట్రాక్ (గేర్‌ని మెట్లుమెట్లుగా పెంచే వరస) మొదటి మెట్టు, 603 అదే ట్రాక్‌లో మూడో మెట్టు. రెండూ అప్‌గ్రేడ్ చేస్తే ఆగేది 619 దగ్గరే. కాబట్టి నార్మల్ ముక్క పనికిరానిది కాదు, రెండు మెట్లు వెనక ఉన్నది. మెట్టుకి 15 క్రెస్ట్‌లు (అప్‌గ్రేడ్‌కి కట్టే నాణేలు) పడతాయి, వాలర్‌స్టోన్‌లు (ఇంకో రకం నాణేలు) వేరే. అంటే తేడా 30 క్రెస్ట్‌లు. క్రెస్ట్‌లకి వారానికి 90 పరిమితి కాబట్టి మూడో వంతు వారం అనుకోండి.

ఇంకో సంగతి. టియర్ సెట్ (కలిపి వేసుకుంటే బోనస్ ఇచ్చే గేర్) టోకెన్లు రెయిడ్‌లోనే పడతాయి. కాటలిస్ట్ అనే సదుపాయంతో డెల్వ్ ముక్కని టియర్ ముక్కగా మార్చుకోవచ్చు గానీ చార్జీలు నెమ్మదిగా వస్తాయి. నాలుగు ముక్కల బోనస్ త్వరగా కావాలంటే నార్మల్ రెయిడ్ ఇప్పటికీ దగ్గరి దారి. కొన్ని ట్రింకెట్లు కూడా రెయిడ్‌లో తప్ప దొరకవు. మీ గిల్డ్‌లో "నార్మల్ దేనికి" అని ఎవరైనా అడిగితే ఈ రెండూ చూపించండి, ఐటెమ్ లెవెల్ చూపించకండి.

---

#6 — పాతకాపు_ట్యాంక్

ఇది ఇవాళ పుట్టిన జబ్బేం కాదు. కాస్త వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ప్రతి మందూ ఒకసారి వాడి చూసినదే.

వావ్‌లో 2006లో వచ్చిన మొదటి నక్స్‌రమస్ 40 మంది రెయిడ్. దాని లోపల అడుగుపెట్టినవాళ్లే బహుకొద్ది మంది. అంత పని చేసి అంత తక్కువమందికి చూపిస్తే ఎలా అన్న ఆలోచనతోనే 2008 నవంబరులో వచ్చిన రాత్ ఎక్స్‌పాన్షన్‌లో అదే నక్స్‌రమస్‌ని 10, 25 మందికి తిరిగి పెట్టారు. 2009 డిసెంబరులో 3.3 ప్యాచ్‌తో డంజియన్ ఫైండర్ (అపరిచితులని జట్టుగా కలిపేది) వచ్చింది. అదే ప్యాచ్‌లోని ఐస్‌క్రౌన్ సిటడెల్‌లో ఇంకో మందు వాడారు. రెయిడ్‌కి బలం పెంచే బఫ్ మొదట 5 శాతం, కొన్ని నెలల్లో అయిదేసి శాతం పెంచుతూ 30 వరకు. వద్దనుకున్న రెయిడ్ లీడర్ ఆపేసుకోవచ్చు కూడా. నా మటుకు నాకు ఇప్పటికీ అదే అన్నిటికన్నా మర్యాదైన పద్ధతి. బాస్ మారడు, గోడ మాత్రం నెలనెలా కాస్త కిందికి దిగుతుంది. ఎవరు ఎప్పుడు దాటారన్నది తేదీ చూస్తే తెలిసిపోతుంది, కాబట్టి ముందు దాటినవాళ్ల పరువూ పోదు.

2010 డిసెంబరులో కాటక్లిజమ్ ఎక్స్‌పాన్షన్ ఎదురుదారి పట్టింది. హీరోయిక్ డంజియన్లు గట్టిగా బిగించారు. ఫైండర్‌లో కలిసిన అయిదుగురు అపరిచితులకి అవి కొరుకుడు పడలేదు. దాదాపు ఏడాదికి, 2011 నవంబరు 29న, 4.3తో రెయిడ్ ఫైండర్ పెట్టారు. ఎల్ఎఫ్ఆర్ పుట్టింది అక్కడే.

తర్వాత లీజియన్, బ్యాటిల్ ఫర్ అజెరోత్ ఎక్స్‌పాన్షన్ల రోజుల్లో టైటాన్‌ఫోర్జింగ్. ఏ వస్తువైనా అదృష్టం బాగుంటే రెయిడ్ స్థాయికి ఎగబాకేది. వినడానికి క్యాజువల్‌కి వరం. జరిగింది మాత్రం వేరు: రెయిడర్లు కూడా తమకి అక్కర్లేని చిన్న పనులన్నీ ప్రతి వారం చెయ్యాల్సి వచ్చింది, ఏమో ఎగబాకుతుందేమోనని. "ఇక చాలు" అన్న గీత ఎవరికీ లేకుండా పోయింది. 8.3లో తీసేశారు.

ఎన్ని వారాలు సరిపోతుందని కూడా అడిగారు కదా, కాబట్టి ప్యాచ్‌ల మధ్య ఖాళీ చూద్దాం. 5.4 వచ్చింది 2013 సెప్టెంబరు 10న, తర్వాతి ఎక్స్‌పాన్షన్ 2014 నవంబరు 13న. 14 నెలలు ఒకే రెయిడ్, సీజ్ ఆఫ్ ఆర్గ్రిమార్. 6.2 వచ్చింది 2015 జూన్‌లో, లీజియన్ 2016 ఆగస్టు 30న. మళ్లీ 14 నెలలు. షాడోలాండ్స్‌లో మొదటి పెద్ద ప్యాచ్ 9.1 రావడానికి ఏడు నెలలు (2020 నవంబరు 23 నుంచి 2021 జూన్ 29). ఈ మూడు కరువుల్లోనూ ముందు వెళ్లిపోయింది క్యాజువల్, తర్వాత వాళ్లు లేక రోస్టర్ నిండక మధ్య గిల్డ్‌లు మూతపడ్డాయి.

---

#7 — సగంనిద్ర

6.1 ప్యాచ్‌లో రెయిడ్ లేదు గానీ సెల్ఫీ కెమెరా ఇచ్చాడుగా పెద్దాయనా! దాన్ని ఎందుకు దాటేశారు 😀

---

#8 — పాతకాపు_ట్యాంక్

తమ్ముడూ, మానిన పుండు గోకకు.

---

#9 — లెక్కలమాస్టారు

పాతకాపు గారు కరువులు చెప్పారు కాబట్టి వాన పడిన ఏడాది కూడా చెప్పాలి. డ్రాగన్‌ఫ్లైట్ ఎక్స్‌పాన్షన్, 2023. ప్యాచ్ తేదీలు (అమెరికా): 10.0.5 జనవరి 24, 10.0.7 మార్చి 21, 10.1 మే 2, 10.1.5 జులై 11, 10.1.7 సెప్టెంబరు 5, 10.2 నవంబరు 7. వరసగా చూస్తే మధ్య దూరాలు 8, 6, 10, 8, 9 వారాలు. ఏడాదిలో ఆరు.

ఇక రెయిడ్ల తేదీలు విడిగా చూడండి: 2022 డిసెంబరు 13, 2023 మే 9, 2023 నవంబరు 14. దూరం 21 వారాలు, 27 వారాలు.

ఒకే ఆటలో రెండు గడియారాలు. చిన్న ప్యాచ్‌లు (కథ, ఈవెంట్, పాత జోన్‌కి కొత్త పని) ఎనిమిది వారాల గడియారం. రెయిడ్‌ది అయిదారు నెలల గడియారం. క్యాజువల్‌కి మొదటిది సరిపోయింది, ఎందుకంటే చిన్న ప్యాచ్‌లో ఉన్నది వారానికి నాలుగు గంటల చొప్పున మూడు నాలుగు వారాల పని. మిథిక్ గిల్డ్‌కి రెండోది సరిపోయింది. హీరోయిక్‌తో ఆగే గిల్డ్ మాత్రం రెండు మూడు నెలల్లో చివరి బాస్‌ని పడగొట్టేస్తుంది, మిగతా మూడు నెలలు ఖాళీ. వార్‌లాక్ అన్న "నడుమోళ్లు" ఇక్కడ కూడా నలిగారు.

---

#10 — చిత్రాంగి_హీలర్

ఎఫ్ఎఫ్ 14 గురించి నేను రాస్తాను. ఇక్కడ గడియారం ఒకటే, కాకపోతే సరి, బేసి అని రెండు పళ్లు.

పెద్ద ప్యాచ్ సుమారు నాలుగు నెలలకి ఒకటి. డాన్‌ట్రెయిల్ 2024 జులై 2, 7.1 నవంబరు 12, 7.2 2025 మార్చి 25, 7.3 ఆగస్టు 5. కొత్త ఎనిమిది మంది రెయిడ్ టైర్ (నాలుగు అంతస్తుల రెయిడ్) ఎక్స్‌పాన్షన్ మొదట్లో, తర్వాత 7.2, 7.4 లాంటి సరి ప్యాచ్‌లలో. 24 మంది అలయన్స్ రెయిడ్ బేసి ప్యాచ్‌లలో. అలయన్స్ రెయిడ్ ఎవరైనా క్యూ కొట్టి వెళ్లేది. అంటే నాలుగు నెలలు శావేజ్ (రెయిడ్ కష్టమైన రకం) వాళ్ల పండగ, తర్వాతి నాలుగు నెలలు అందరి పండగ.

నార్మల్ రెయిడ్ ముందు, శావేజ్ తర్వాత. డాన్‌ట్రెయిల్ మొదటి టైర్‌లో నార్మల్ జులై 16న, శావేజ్ జులై 30న. 7.2లో ఆ దూరం వారానికి తగ్గింది. కథంతా నార్మల్‌లోనే పూర్తవుతుంది. శావేజ్ ఆడనివాళ్లు కథలో ఒక్క ముక్క కూడా పోగొట్టుకోరు. (వావ్‌లో నెరుబార్ చివరి బాస్ క్వీన్ అన్సురెక్‌కి స్టోరీ మోడ్ పెట్టడం ఈ దారిలో మంచి అడుగు. కానీ ఎల్ఎఫ్ఆర్ విభాగాలు వారాల తేడాతో తెరవడం వల్ల మిగతా బాస్‌ల కోసం ఆగాల్సిందే.)

ఇక గేర్. డాన్‌ట్రెయిల్ మొదటి టైర్ అంకెలు ఇవి: చేత్తో తయారుచేసినది 710, నార్మల్ రెయిడ్ 710, టోమ్‌స్టోన్ (ఆడితే వచ్చే నాణేలు) గేర్ 720, శావేజ్ 730, శావేజ్ ఆయుధం ఒక్కటే 735. టోమ్‌స్టోన్‌లకి వారానికి 450 పరిమితి. ధరలు: చొక్కా, కింది బట్ట 825 చొప్పున. తల, చేతులు, పాదాలు 495 చొప్పున. నగలు 375 చొప్పున. ఆయుధం 500, దానికి తోడు నార్మల్ రెయిడ్ దారిలో కూడబెట్టే టోకెన్లు.

కూడితే: 1650 + 1485 + నాలుగు నగలకి 1500 (ఒకే ఉంగరం రెండుసార్లు పెట్టుకోనివ్వరు) + 500 = 5135. దాన్ని 450తో భాగిస్తే 11.4, అంటే 12 వారాలు. ప్యాచ్ దూరం 19 వారాలు. రోజుకి ఒకటి రెండు రూలెట్‌లు (ఆటే ఎంచి ఇచ్చే రోజువారీ డంజియన్లు) ఆడేవారు కూడా తర్వాతి ప్యాచ్ వచ్చేలోపు పూర్తి సెట్ కట్టేసుకుని ఇంకో నెల పైనే మిగుల్చుకుంటారు. బేసి ప్యాచ్‌లో అలయన్స్ రెయిడ్, హంట్‌ల (బయట తిరిగే పెద్ద రాక్షసుల వేట) ద్వారా అప్‌గ్రేడ్ సామాను దొరుకుతుంది. 720 కాస్తా 730 అవుతుంది. శావేజ్ గడప తొక్కనివాళ్లకి శావేజ్ స్థాయి గేర్, ఒక ప్యాచ్ ఆలస్యంగా. అప్పటికి రెయిడర్లకి దాంతో పని తీరిపోతుంది కాబట్టి ఎవరూ ఏడవరు.

---

#11 — కాకినాడ_కాజా

చిత్రాంగి గారూ, చాలా వివరంగా చెప్పారు, థాంక్స్ అండి. మా ఎనిమిది మంది శావేజ్‌కి వెళ్తే లాకౌట్ (వారానికోసారే బహుమతి అనే నియమం) ఎలా పనిచేస్తుంది? "వారం మధ్యలో వేరే పార్టీతో కొట్టేస్తే గిల్డ్‌కి నష్టం" అంటారు, నిజమేనా?

---

#12 — చిత్రాంగి_హీలర్

నిజమే, అదీ చిన్న నష్టం కాదు. పార్టీలో ఎనిమిది మందీ ఆ వారం ఆ అంతస్తు కొట్టనివారైతే రెండు బహుమతి పెట్టెలు. ఒకరి నుంచి నలుగురి దాకా ముందే కొట్టేసి ఉంటే ఒక్క పెట్టె. అయిదుగురు, ఆ పైన అయితే పెట్టే లేదు. ఒక్కరు తొందరపడితే ఏడుగురికి సగం పోతుంది.

పెట్టెలో అదృష్టం లేకపోయినా అంతస్తుకి వారానికి ఒక పుస్తకం (గేర్‌కి మార్చుకునేది) ఖాయం. ఆయుధానికి నాలుగో అంతస్తు పుస్తకాలు 8 కావాలి. అంటే నాలుగో అంతస్తు మొదటిసారి పడిన రోజు నుంచి ఎనిమిది వారాలు. నాలుగో అంతస్తుకి పదో వారంలో చేరే జట్టు ఆయుధాన్ని పుస్తకాలతో కొనాలంటే ప్యాచ్ చివరికి వస్తుంది. అలాంటి జట్టు నగల కోసం ఒకటో అంతస్తు పుస్తకాలు (ఒక్కో నగకి 3) ముందు ఖర్చుపెట్టుకోవడం మేలు. దాచుకుంటే లాభం లేదు.

జట్టు కూర్పు ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు హీలర్లు, నలుగురు డ్యామేజ్. ఎనిమిది మందే ఉన్నారు కాబట్టి ఒకరు రాకపోతే పార్టీ ఫైండర్‌లో (జట్టు వెతుక్కునే చోటు) బయటివారిని తెచ్చుకోవాలి. ఆ బయటి వ్యక్తి ఆ వారం ఇంకా కొట్టనివారో కాదో అడగండి, లేకపోతే పెట్టె పోతుంది.

---

#13 — వరంగల్_వార్‌లాక్

అక్కా, ఎఫ్ఎఫ్‌ల అంతా చక్కగనే ఉన్నట్టు చెప్తున్నవ్. ఫోర్క్‌డ్ టవర్ సంగతేంది మరి?

---

#14 — చిత్రాంగి_హీలర్

దాచడానికి ఏమీ లేదు, తప్పు జరిగింది. 7.25 (2025 మే 27)లో ఆకల్ట్ క్రెసెంట్ అనే ఫీల్డ్ జోన్ వచ్చింది. ఒక ఇన్‌స్టాన్స్‌లో (జోన్ ఒక ప్రతిలో) 72 మంది. బయట ఫేట్‌లు, క్రిటికల్ ఎన్‌కౌంటర్లు (ఎవరైనా వచ్చి కలిసే పోరాటాలు), ఫాంటమ్ జాబ్‌లు (ఆ జోన్‌లో మాత్రమే ఉండే వృత్తులు), అంతా వచ్చి పోయేవారికి హాయి. అందులోనే ఫోర్క్‌డ్ టవర్, 48 మంది దాకా పట్టే గట్టి రెయిడ్.

కష్టంగా ఉండడం మీద రెయిడర్లకి ఫిర్యాదు లేదు. చిక్కంతా లోపలికి వెళ్లే పద్ధతిలో. క్యూ కట్టి 48 మందిని ముందే కూర్చుకునే వీలు పెట్టలేదు. జోన్‌లో అదును వచ్చినప్పుడు, సైఫర్లు (ప్రవేశానికి ఖర్చయ్యే వస్తువులు) పెట్టి, ఎవరికి చోటు దొరికితే వాళ్లు. దాంతో సిద్ధమై వచ్చిన జట్టులో కొందరు బయట ఉండిపోవడం, అసలు విషయం తెలియని కొత్తవారు లోపల పడడం. లోపల చనిపోయినవారిని లేపడానికి కూడా పరిమితి, కాబట్టి ఒకరి తప్పు అందరి నెత్తిన. డిస్కార్డ్ సమూహాలు ఇన్‌స్టాన్స్‌లు మొత్తంగా నింపుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు తీరిగ్గా ఫేట్‌లు ఆడుకోవడానికి వచ్చినవారికి అక్కడ చోటు కరువు. ఒకే గుమ్మంలోంచి ఇద్దరినీ పంపితే ఇద్దరికీ దెబ్బే.

అంతకుముందు 7.15లో (రెయిడ్ తెరిచింది 2024 డిసెంబరు 24న) 24 మంది కెయాటిక్ రెయిడ్ పెట్టారు. దానికి పార్టీ ఫైండర్ ఉంది, మొదటిసారి వచ్చినవారిని తీసుకెళితే పాతవారికి అదనపు బహుమతి ఉంది. కొత్తవారిని తరిమేసే బదులు వెతుక్కునేలా చేసింది. గుమ్మం అలా ఉండాలి.

---

#15 — సగంనిద్ర

ఎవరూ గిల్డ్ వార్స్ 2 పేరెత్తలేదు, పాపం. నెలచందా లేదు. 2012 నవంబరులో వచ్చిన అసెండెడ్ గేర్ అంకెలపరంగా ఇప్పటికీ పై మెట్టే. రెండేళ్లు మానేసి వచ్చినా మీ చొక్కా పాతబడదు. నాలాంటి సోమరికి స్వర్గం.

కానీ రెయిడర్ల సంగతి చూస్తే జాలేస్తుంది. మొదటి రెయిడ్ వింగ్ 2015 నవంబరులో, ఏడోది 2019 జూన్‌లో, ఎనిమిదోది 2024 నవంబరులో. ఏడుకీ ఎనిమిదికీ మధ్య అయిదేళ్ల పైనే! మధ్యలో స్ట్రైక్ మిషన్లు ఇచ్చారు, పది మందితో ఒకే బాస్. రెయిడ్‌కి మెట్టు అన్నారు, చివరికి మెట్టు మీదే కూర్చోబెట్టారు.

---

#16 — పాతకాపు_ట్యాంక్

అందులో ఒక పాఠం ఉంది. గేర్ పరుగు తీసేస్తే క్యాజువల్ హాయిగా ఉంటాడు, నిజమే. కానీ రెయిడ్‌కి జనాన్ని లాగే తాడు కూడా తెగిపోతుంది. ఆడేవాళ్లు తగ్గితే కొత్తది కట్టరు, కొత్తది కట్టకపోతే ఆడేవాళ్లు ఇంకా తగ్గుతారు.

---

#17 — డాలస్_డ్రూయిడ్

కాజా గారు గిల్డ్ ప్రస్తావన తెచ్చారు కాబట్టి ప్యాచ్ రోజు పని గురించి నాలుగు ముక్కలు. ఇవి వావ్‌కి.

పెద్ద ప్యాచ్‌లో ఇంటర్‌ఫేస్ నంబరు మారుతుంది (11.0కి 110000, 11.1కి 110100). పాత నంబరున్న యాడాన్‌లన్నిటినీ (ఆటకి తగిలించుకునే అదనపు ప్రోగ్రాంలు) ఆట కాలం చెల్లినవిగా చూపిస్తుంది. "పాతవైనా సరే లోడ్ చెయ్యి" అనే గడి టిక్ చేస్తే కొన్ని నడుస్తాయి, కొన్ని ఎర్రర్‌లు కురిపిస్తాయి. ప్యాచ్‌కి ముందు రోజు రీటెయిల్ ఫోల్డర్‌లో ఉన్న ఇంటర్‌ఫేస్, డబ్ల్యూటీఎఫ్ ఫోల్డర్లు రెండూ వేరే చోటికి కాపీ చేసుకోండి. మీ యాడాన్ సెట్టింగులు ఉండేది రెండో దాంట్లో. ప్యాచ్ తర్వాత మొదటి లాగిన్ యాడాన్‌లన్నీ ఆపేసి చేయండి. ఆట సవ్యంగా ఉంటే బాస్ హెచ్చరికల యాడాన్ ముందు, మిగతావి ఒక్కొక్కటిగా. అన్నీ ఒకేసారి వేస్తే ఏది చెడిందో పట్టుకోవడం గగనం.

ఆ రోజు రాత్రి రెయిడ్ పెట్టకండి. మెయింటెనెన్స్ పొడిగించడం మామూలే. వెంటనే వచ్చే హాట్‌ఫిక్స్‌ల వల్ల బాస్ బలం కూడా అటూ ఇటూ అవుతుంది. ఎఫ్ఎఫ్ 14లో పెద్ద ప్యాచ్‌కి మెయింటెనెన్స్ దాదాపు 24 గంటలు, కాబట్టి అక్కడ ముందు రోజు రాత్రి కూడా లెక్కలోంచి తీసేయండి.

అమెరికా, ఇండియా కలిసిన గిల్డ్ అయితే ఇంకో చిక్కు. ఇక్కడ ఈస్టర్న్ టైం రాత్రి 8 అంటే అక్కడ మర్నాడు ఉదయం 5:30. నవంబరులో ఇక్కడ గడియారం వెనక్కి తిప్పాక అదే 6:30 అవుతుంది, మార్చిలో మళ్లీ 5:30. ఏడాదికి రెండుసార్లు సగం గిల్డ్ గంట ముందో వెనకో వస్తుంది. క్యాలెండర్‌లో సర్వర్ టైం మాత్రమే రాయండి.

---

#18 — లెక్కలమాస్టారు

కాజా గారి 14 మందికి ఇప్పుడు వావ్ ప్రణాళిక. నార్మల్, హీరోయిక్ రెండూ 10 నుంచి 30 మంది దాకా సాగుతాయి, కాబట్టి 14 హాయిగా సరిపోతుంది. ఎనిమిది మందితో మాత్రం రెయిడ్ మొదలవదనుకోండి, ఎందుకంటే లెక్క పది మంది కోసం కట్టినది. ఆ ఇద్దరు ముగ్గురు క్యాజువల్స్ నుంచే రావాలి. మిథిక్ వైపు చూడొద్దు. అది కచ్చితంగా 20 మంది, ఎవరో ఒకరు రానివారు ఉంటారు కాబట్టి నిజానికి 23, 24 మంది కావాలి.

సీజన్ మొదటి రెండు వారాలు అందరూ డెల్వ్‌లు, డంజియన్లు. రెయిడ్ రాత్రుల్లో ఒకదాన్ని అందరికీ తెరిచి నార్మల్‌కి పెట్టండి, మాటలు తక్కువగా, గంటన్నరకి ఆపేసేలా. ఆ రాత్రి వచ్చే క్యాజువల్‌కి ఇద్దరు బాస్‌లు పడినా వాల్ట్ రెయిడ్ వరసలో ఒక గడి తెరుచుకుంటుంది, టియర్ టోకెన్ అవకాశమూ ఉంటుంది. రెండో రాత్రి హీరోయిక్, కుదిరినవాళ్లతో. నార్మల్ అందరికీ అయిపోయాక ఆ మొదటి రాత్రిని కూడా హీరోయిక్ మొదటి సగానికి మార్చండి. అక్కడి బాస్‌లు అప్పటికి మీ గేర్‌కి మెత్తబడతారు.

---

#19 — వరంగల్_వార్‌లాక్

మాస్టారు చెప్పింది మంచిగున్నది. ఒక్కటి కలుపుత. లూట్ పంచేటప్పుడు డెల్వ్ వాల్ట్‌తోని 616 తెచ్చుకున్నోడు, అదే జాగకు హీరోయిక్ 610 పడితే "నాకూ కావాలె" అనొద్దు. రెండూ హీరో ట్రాకే, రెండూ 626 దగ్గర్నే ఆగుతయి. లేనోనికి ఇయ్యుండ్రి. గిల్డ్‌లు పలిగేది బాస్ కాడ కాదు, గిసొంటి ముక్కల కాడ.

11.1 నుంచి టైర్ 11 బౌంటిఫుల్‌ల గిల్డెడ్ స్టాష్ కూడ పెట్టిండ్రు, పై మెట్టు క్రెస్ట్‌లు కొన్ని వస్తయి. డెల్వ్ ఒక్కటే ఆడెటోళ్లకు అది మస్తు పనికొస్తది. అదే ప్యాచ్ రెయిడ్‌ల, అండర్‌మైన్‌ల, రెనౌన్ (పలుకుబడి అంకె) పెరిగినకొద్దీ డ్యామేజ్, హీలింగ్ పెరిగేటట్టు పెట్టిండ్రు. పాతకాపు అన్న చెప్పిన ఐస్‌క్రౌన్ మందే, సీసా కొత్తది.

---

#20 — చిత్రాంగి_హీలర్

ఎఫ్ఎఫ్ 14కి వచ్చే ఆరుగురికి ఒక హెచ్చరిక. ప్యాచ్ అయిపోతే చందా ఆపేసి వేరే ఆటలు ఆడుకోండి, కొత్తది వచ్చాక రండి అని నిర్మాత యోషిదా గారే బహిరంగంగా చెబుతుంటారు. గేర్ విషయంలో ఆ మాట నిజం, ఏమీ నష్టపోరు. కానీ ఆటలో సొంత ఇల్లు ఉంటే 45 రోజులు లోపల అడుగుపెట్టకపోతే కూల్చేస్తారు. సామాను తిరిగి తీసుకోవడానికి ఆ తర్వాత 35 రోజులు. ఫ్రీ కంపెనీ (ఎఫ్ఎఫ్ 14లో గిల్డ్) ఇల్లయితే సభ్యుల్లో ఎవరు వెళ్లినా చాలు, కాబట్టి ఆ పని ఒకరికి అప్పగించండి. అపార్ట్‌మెంట్‌కి ఈ బాధ లేదు.

---

#21 — కాకినాడ_కాజా

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి. మాస్టారి ప్రణాళికే తీసుకుంటున్నాం. మంగళవారం రాత్రి అందరికీ నార్మల్, శుక్రవారం హీరోయిక్. మాది ఓషియానిక్ (ఆస్ట్రేలియా వైపు) సర్వర్. వారం మారేది బుధవారం తెల్లవారుజామున కదా, కాబట్టి మంగళవారం రెయిడ్ పాత వారం లెక్కలోకే వస్తుంది, అవునా?

---

#22 — డాలస్_డ్రూయిడ్

కాదండీ, జాగ్రత్త. ఓషియానిక్ కూడా అమెరికా రీజియన్‌లోదే. రీసెట్ మంగళవారం 15:00 యూటీసీ, అంటే ఇండియాలో మీకు మంగళవారం రాత్రి 8:30. మీ నార్మల్ రాత్రి సరిగ్గా దాని మీద పడుతోంది. 8కి మొదలుపెడితే అరగంటలో మెయింటెనెన్స్‌కి సర్వర్ దిగిపోవచ్చు. బుధవారానికి మార్చుకోండి. యూరప్ సర్వర్ అయితే బుధవారం ఉదయం 9:30, ఎఫ్ఎఫ్ 14 అయితే మంగళవారం మధ్యాహ్నం 1:30.

---

#23 — కాకినాడ_కాజా

అమ్మో, బతికించారు. బుధ, శుక్రవారాలు ఖాయం. క్యాలెండర్‌లో సర్వర్ టైమే రాస్తా.